పేరు తేలని మొక్క

కడియపులంక రోడ్డు పొడవునా నర్సరీలే. అయినా మొక్క పేరు తెలియనివాళ్ళు ఆకు పట్టుకుని వచ్చేది మాత్రం జోగేశ్వరరావు దగ్గరికే. తణుకు నుంచి పనిగట్టుకుని వచ్చేవాళ్ళు కొందరు, అన్నవరం వెళ్ళొస్తూ దారిలో దిగేవాళ్ళు కొందరు. ఫోనులో మసక ఫొటోలు పంపి ప్రాణం తీసేవాళ్ళు సరేసరి. పదో తరగతి గట్టెక్కని మనిషి. తండ్రి వెనక మామిడి అంట్లు కడుతూ, లారీల్లో మొక్కల వెంట ఊళ్ళు తిరుగుతూ, కనబడ్డ చదువుకున్నవాణ్ణల్లా విసిగించి శాస్త్రీయ నామాలు నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక అవి ఆయన్ని విసిగించడం మొదలుపెట్టాయి.

"పాము మొక్కకి పేరు మార్చేశారే! సాన్సివేరియా అని బోర్డులన్నీ రాయించాక, ఇప్పుడు డ్రసీనా అంటున్నారు. పుట్టినప్పట్నించీ పిలిచిన పేరు మారిస్తే పలుకుతుందా అది?" అని ఓ పూట భార్య మీద ఎగిరాడు.

"పూర్తిగా మార్చారా?" అంది మీనాకుమారి చిక్కుడుకాయలు తుంపుతూ.

"మొదటి ముక్క మార్చారు. అది ఇంటిపేరు లాంటిది. రెండోది అలాగే ఉంది."

"పెళ్ళయ్యాక నాకూ ఇంటిపేరు మారింది. పలకడం మానేశానా ఏంటి?"

అప్పటికే ఆయన మనసంతా ఇంకో మొక్క మీద ఉంది.

వానాకాలం మొదట్లో మారేడుమిల్లి వైపు వెళ్ళినప్పుడు ఓ ఇంటి పెరట్లో అడిగి తెచ్చిన కొమ్మ అది. ఆకు పైన ముదురాకుపచ్చ, అడుగున వంగపండు రంగు. కాడ నలుపలకలుగా ఉంది, ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి, నలిపితే ఘాటు వాసన. తులసి కుటుంబమని తడిమి చెప్పేశాడు. కానీ ఆ కుటుంబంలో ఏ ఇంటిది? అక్కడ ఆగిపోయాడు. ఊళ్ళో మొక్కలన్నిటికీ పేర్లు చెప్పే మనిషికి సొంత మడిలోని మొక్క పేరు తెలియకపోవడం కంట్లో నలుసులా ఉంది. కొమ్మలు నాటి మడి నిండా పెంచాడు. పనివాళ్ళు దాన్ని 'రావుగారి మొక్క' అనడం మొదలుపెట్టారు. ఆ మాట వింటే ఇంకా మండేది.

నర్సరీ వ్యాపారం ఇప్పుడు చూసుకునేది అన్నగారి కొడుకు మురళీకృష్ణ. "పేరులేని మొక్కని ఎవరు కొంటారు బాబాయ్? ఆ మడి చేమంతులకి కావాలి. కార్తీకం వెళ్ళేలోగా అదేంటో తేల్చండి, లేకపోతే పీకించేస్తాను" అన్నాడు.

జోగేశ్వరరావు రాజమండ్రిలో బోటనీ లెక్చరర్ సత్యప్రసాద్‌కి ఫోన్ చేశాడు.

"ఆకు చూసి చెప్పలేనండీ. నీడలో ఒకలా, ఎండలో ఒకలా ఉంటుంది. పువ్వు అంత తేలిగ్గా మారదు. పువ్వు కావాలి" అన్నాడాయన.

పువ్వే అక్కడ దొరకనిది. ఆకుల అందం కోసం పెంచే మొక్క పువ్వు పూసిందంటే బలమంతా అటు పోయి ఆకు చిన్నదైపోతుంది. అందుకని వెన్ను, అదే మొగ్గల కంకి, కనబడగానే గిల్లేస్తారు. కబుర్లాడుకుంటూ, మొక్క వంక చూడకుండానే గిల్లేస్తారు. దసరాలప్పుడు తొలి వెన్ను తొంగిచూసింది. మధ్యాహ్నానికి అది మాయం.

"ఎవరే గిల్లింది?"

"నేనేనండి" అంది వెంకటదుర్గ, ఆ మళ్ళలో పనిచేసే మనిషి. "గిల్లలేదని పోయినేడు తిట్టింది మీరే కదండీ అయ్యగారూ!"

"అది వేరే మొక్కే!"

"ఏ మొక్కో పేరు చెప్తే కదండీ తెలిసేది."

కార్తీకం సగమయ్యాక ఒక్క మొక్క మాత్రం మళ్ళీ వెన్ను వేసింది. జోగేశ్వరరావు ఆ మడి దగ్గర కుర్చీ వేసుక్కూర్చున్నాడు. అటు నడిచిన ప్రతివాణ్ణీ కసిరాడు. మేకల్ని కసిరాడు. "భోజనానికి రారా ఏంటి?" అని వచ్చిన భార్యనీ కసిరాడు. మొగ్గలు ఉబ్బాయి, రేపో మాపో విచ్చుకుంటాయనగా సత్యప్రసాద్ ఆదివారం వస్తానన్నాడు.

ఆదివారం పొద్దున్న ఫోన్ మోగింది.

"వేమగిరి దాటానండీ. ఎటు రావాలి?"

"తిన్నగా వచ్చెయ్యండి. కాలవ పక్కనే. ఎడమ చేతివైపు గులాబీల నర్సరీ వస్తుంది, అది కాదు. దాని తరవాతది. మొగ్గలు బ్రహ్మాండంగా ఉన్నాయండీ, మీరు చూస్తే..."

మాట్లాడుతూ మాట్లాడుతూ మడి గట్టున నడుస్తున్నాడు. ఫోన్ పెట్టేసేసరికి పక్క మడిలో పనివాళ్ళు చేతులు ఆపేసి ఆయన వంకే చూస్తున్నారు. ఆయన మొక్క వంక చూశాడు. వెన్ను లేదు.

"ఎవరే గిల్లింది?" అని గావుకేక పెట్టాడు.

వెంకటదుర్గ దగ్గరికొచ్చి, "అయ్యగారూ, మీ కుడి చేతిలో ఏంటండీ?" అంది.

చిన్నప్పటినుంచి గిల్లిన చెయ్యి. ఆయన్ని అడగలేదు.

సత్యప్రసాద్ వచ్చేసరికి జోగేశ్వరరావు ఆ వెన్నును తడిగుడ్డలో చుట్టి పట్టుకుని నిలబడి ఉన్నాడు. జరిగింది మురళీకృష్ణే చెప్పాడు, నవ్వాపుకోలేక. సత్యప్రసాద్ నవ్వలేదు. ఉన్నవాటిలో పెద్ద మొగ్గని బ్లేడుతో నిలువునా చీల్చి, భూతద్దం కింద చాలాసేపు చూశాడు.

"కేసరాల కాడలు అడుగున అతుక్కుని గొట్టంలా ఉన్నాయి, చూడండి. తులసికైతే విడివిడిగా ఉంటాయి. ఇది కోలియస్ అనే అనుకోవచ్చు. ఇంటిపేరు దొరికినట్టే. అసలు పేరు మాత్రం పువ్వు విచ్చుకుంటేనే."

"కోలియస్సా!" అన్నాడు మురళీకృష్ణ. "అయితే రంగు ఆకుల కోసం అడిగేవాళ్ళున్నారు. సరే బాబాయ్, మడి పూసేదాకా ఉంచుతాను. ఒక్క షరతు. మీరు మాత్రం అందులో కాలు పెట్టకూడదు."

"నేను పెంచిన మొక్కరా అది!"

"మీరే కదా బాబాయ్ గిల్లింది."

అప్పటినుంచీ జోగేశ్వరరావు కుర్చీ గట్టు అవతల ఉంటోంది. అక్కడినుంచే, "ఆ మూల మొక్కకి నీళ్ళెక్కువైపోతున్నాయే!" అని అరుస్తాడు.

"ఆయ్, చూస్తానండి" అంటుంది వెంకటదుర్గ. "మీరు లేవకండి, అక్కడే కూర్చోండి."