మూడు మూరలు

1957 మార్చి 4, సోమవారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు మా అమ్మ చెంబు నూతిలో పడింది. ఆ రోజుల్లో మా చోడవరం వీధిలో నీళ్లకు నుయ్యి, నూతిలో పడినవాటికి గాలాల తాత ఉండేవారు. పాతాళగరిగె అనే ఇనుప కొక్కేల గుత్తిని తాడుకు కట్టి, అడుగంతా దేవి, పోయిన వస్తువులను పైకి తేవడమే ఆయన వృత్తి. (అదీ ఒక పనేనా అని మా పిల్లలు నవ్వుతారు.)

అప్పుడు నాకు పన్నెండేళ్లు. అమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఆమె పేరు చెక్కిన వస్తువు ఇంట్లో ఆ ఇత్తడి చెంబొక్కటే. మర్నాటి సంవత్సరీకానికి దానితోనే నీళ్లు తోడాలని పట్టుబట్టినవాణ్ణి నేనే. నూతి అడుగుదాకా తాడు పద్దెనిమిది మూరలని కొలిచి నోటుబుక్కులో రాసుకున్నాను. ముడి బిగిసిందో లేదో మాత్రం చూసుకోలేదు. నాన్నగారు తిట్టలేదు, తిట్టి ఉంటే కొంత తేలికపడేవాణ్ణి.

తాత వచ్చి ఒక్కటే షరతు పెట్టారు. "తాడు లాగినప్పుడు ఎవులూ మాటాడకండి. నా సెయ్యి ఇనాలి."

మొదట రెండు తుప్పు పట్టిన చేదలు వచ్చాయి. తరువాత, కుక్క ఎత్తుకుపోయిందని నేను బడిలో చెప్పిన పలక వచ్చింది. ఆపైన కంచు గరిటె. అది పొరుగింటి పిన్ని కాజేసిందని మా అత్త రెండేళ్లుగా ఆమెతో మాట్లాడడం మానేసింది. పిన్ని గట్టు మీద చెయ్యి ఆనించి, "వదినా, మీ గరిటె మా యింటికాడ్నించి ఈదుకుంటూ వచ్చీసిందేటి?" అని అడిగింది. అత్త కొంగుతో ముఖం తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. అందరితోపాటు నేనూ నవ్వాను.

అంతలో తాత చెయ్యి ఆగింది. చెంబు తగిలిందని ఆయన ముఖమే చెప్పింది. తాడు మెల్లగా పైకి వస్తోంది. నీళ్లలోంచి ఇత్తడి మెరిసింది. నా చేతిలో పెన్సిలు సిద్ధంగా ఉంది. అంకె రాయకుండా ఉండలేకపోయాను.

"ఎన్ని మూరలొచ్చింది, తాతా?"

"పదిహేను," అంటూ ఆయన నావైపు తిరిగారు. కొక్కెం జారింది.

మధ్యాహ్నం దాకా దేవినా బురదే వచ్చింది. తాత తాడు చుట్టుకుంటూ, "ఎండలు ముదిరి నీళ్లు తగ్గితే మళ్లీ సూద్దాంలే, బాబూ," అన్నారు. ఆ ఎండల్లోనే ఆయన పోయారు. తరువాత వీధికి కుళాయి వచ్చింది. నూతి మీద బండ పరిచేశారు.

ఈ వయసులోనూ ఎవరైనా బరువెత్తుతుంటే నేను నోరు మూసుకుంటాను. ఎందుకో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

దొరికినవి: చేదలు రెండు, పలక ఒకటి, గరిటె ఒకటి. పోయినవి: చెంబు, తాత, ఆయన పని. మిగిలినది: నోటుబుక్కులో పదిహేను అన్న అంకె, దాని కింద పద్దెనిమిదిలోంచి నేను చేసిన తీసివేత. లెక్క సరిగ్గానే ఉంది.