నాయన దర్భచాప

మా అపార్టుమెంటు మేడ మీద పొద్దున్నే యోగా తరగతికి వచ్చినవాళ్ళంతా రబ్బరు చాపలు విప్పగానే కొత్త చెప్పుల అంగట్లోలాంటి వాసన గుప్పుమంటుంది. అది తగిలిన ప్రతిసారీ దానికి ఏ పోలికా లేని ఇంకో వాసన, ఎండుగడ్డి మీద చినుకులు పడ్డట్టుండే నాయన దర్భచాప వాసన, నాకు గుర్తొస్తుంది.

అలిపిరికి పోయే దారిలో ఒక సందులో ఉండేది మా ఇల్లు. ధనుర్మాసంలో అమ్మ చీకటితోనే లేచి ముగ్గు వేసేది, వంటింట్లోంచి మిరియాల పొంగలి వాసన వస్తే నేను దుప్పట్లోంచి ముక్కు మాత్రం బయట పెట్టేదాన్ని, కొండకు నడిచిపోయేవాళ్ళ గోవిందనామాలు చలిగాలితోపాటు కిటికీలోంచి దూరేవి, ఆ సందడి మధ్యనే నాయన నడవలో చాప పరుచుకుని, వీపు నిటారుగా పెట్టి, దేనికీ ఆనుకోకుండా కూర్చునేవాడు. బడిలో లెక్కలు చెప్పేవాడు నాయన. ఆసనాల మీద ఆయనకు పెద్ద గురి లేదు.

"కాళ్ళు మడిసేది కోతికీ వస్తాది పాపా. ముందర అబద్ధం సెప్పకుండా ఒక దినం గడుపు సూద్దాం" అనేవాడు.

యమనియమాలు మాకు అన్నం పళ్ళెం దగ్గరే మొదలయ్యేవి. ఉగాదికి ఓళిగలు చేస్తే, కడుపు నిండినాక ఇంకొకటి కోరుకోవడం అపరిగ్రహం తప్పడమేనని, నెయ్యి కారుతున్న ఓళిగ నా కళ్ళముందే గిన్నెలోకి తిరిగి పోయేది. ఎదురింటి పిల్లలతో అచ్చంగిల్లాలు ఆడి విసుగు పుట్టాక ఊపిరి బిగబట్టే ఆట ఆడితే, ఊపిరిని బలవంతపెట్టేది యోగం కాదని కోప్పడేవాడు. ప్రత్యాహారం అంటే ఏమని ఒకసారి అడిగాను.

"సెవులు మూసుకునేది కాదు. కుక్కర్ కూస్తానే ఉంటాది. మనం లేసి పోము, అంతే."

అవ్వ, అంటే నాయనను కన్న తల్లి, ఇంటికి ఒకే నియమం పెట్టింది: చాప మీద ఉన్న మనిషిని పిలవకూడదు, ముట్టుకోకూడదు. సమాధిలో ఉన్నవాణ్ణి ముట్టుకుంటే ప్రాణం తిరిగి ఒంట్లోకి రాదని ఆమె నమ్మకం. నాయన నవ్వేవాడు.

"సమాధి అంత అగ్గవగా దొరికేది కాదమ్మా. నాకింకా దోమ కుడితే తెలస్తాది."

అవ్వ ఒప్పుకునేది కాదు.

ఒక ధనుర్మాసంలో, అమ్మ ఐరాలలో పుట్టింటికి పోయి ఉండగా, నాయన చాప మీది నుంచి లేవలేదు. బడి వేళ దాటింది. ఎప్పుడూ దేనికీ ఆనని వీపు గోడకు ఆని ఉంది. ఒక కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"అవ్వా, నాయన మూతి పక్కకి పోతా ఉండాది" అన్నాను. గట్టిగా మాట్లాడటం నాకు అప్పుడూ రాదు. అయినా రెండోసారి గట్టిగానే అన్నాను.

"ఉష్! నోరు ముయ్యే. అది ఆనందం. లోపల స్వామి అగుపడతా ఉండాడు వానికి."

ఎదురింటి రత్నమ్మత్త తొంగిచూసి చెంపలు వేసుకుంది. "నీ కడుపు సల్లగుండ, మహానుభావుణ్ణి కన్నావు గదమ్మా!"

సందు సందంతా వచ్చింది. చామంతులు, కనకాంబరాలు, కర్పూరం. నడవ నిండా పొగ. ఎవరూ ఆయనను ముట్టుకోలేదు. ముట్టుకోకపోవడమే ఆ రోజు భక్తి.

మధ్యాహ్నం అమ్మ బస్సు దిగి వచ్చింది. హారతి పళ్ళెం తోసేసి నాయన భుజాలు పట్టుకుని కుదిపింది. "ముట్టుకోవద్దే, సచ్చిపోతాడే!" అని అవ్వ అరుస్తుండగానే నాయన మూటలాగా అమ్మ మీదికి ఒరిగిపోయాడు.

పక్షవాతం. "పొద్దున్నే తెచ్చింటే..." అని డాక్టరు మాట సగంలో ఆపాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళు నాయన మంచం మీద, మాట లేకుండా బతికాడు. వంటింట్లో కుక్కర్ కూసినప్పుడల్లా కళ్ళు అటు తిప్పి లేవబోయేవాడు. కొందరు అప్పటికీ గడప దగ్గర దణ్ణం పెట్టి పోయేవాళ్ళు. అవ్వ మాత్రం ఆయన పోయేదాకా ఆ చచ్చుబడిన చేతిని తన ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు నిమురుతూ కూర్చుంది.

ఆ ఇంటి చోట ఇప్పుడు లాడ్జి ఉంది. అవ్వ లేదు. దర్భచాప నాయనతోనే కాలిపోయింది. మా తరగతిలో యమనియమాల మాట ఎవరూ ఎత్తరు. చివర్లో టీచరు అందరినీ శవాసనంలో పడుకోబెట్టి, కళ్ళు మూసుకుని పక్కవాళ్ళను మరిచిపొమ్మంటుంది. నేను మూయను. నిన్న పక్క చాప మీద లలితక్క కదలకుండా, నోరు కొంచెం వంకరగా పెట్టి పడుకుని ఉంటే, చేయి చాపి ఆమె చెంప మీద పెట్టాను.

"ఏం మే, ఇప్పుడే గదా కునుకు పట్టింది!" అని కసిరింది.

పెదవులు రెండు వైపులా సమంగానే కదిలాయి. అప్పుడు చేయి తీశాను.