బావగారి అలక, బండి కాఫీ

నాగేశ్వరప్రసాద్ గారు చుట్టాలందరి ఇళ్ళకీ వెళ్తారు గానీ, ఎవరింట్లోనూ కాఫీ తాగరు. కాఫీ పడక కాదు, కాఫీ అంటే ఆయనకు ప్రాణం. వచ్చి మన గుమ్మం ముందు తన బండి ఆపి, ఆ బండిలో తనే కాఫీ కాచి, మన ఇంట్లోవాళ్ళనే చుట్టాల్లా పిలిచి కూర్చోబెట్టి మరీ ఇస్తారు. గోదావరి జిల్లాల్లో ఒక గృహస్థుకి ఇంతకు మించిన అవమానం చెయ్యాలంటే చాలా కష్టపడాలి.

ఈ అవమానం అందరికన్నా ఎక్కువగా పడ్డవాడు పెద్దాపురంలో బట్టల కొట్టు త్రిమూర్తులు. నాగేశ్వరప్రసాద్ గారు అతనికి స్వయానా బావగారు, అక్క రమాదేవి భర్త. భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ నడిపినన్నాళ్ళూ ఆయన మామూలు మనిషే. వచ్చేవారు, హాల్లో కూర్చునేవారు, ఇచ్చిన కాఫీ తాగి "పొడి ఎక్కడిదోయ్?" అని ఓ వంక పెట్టి వెళ్ళేవారు. ఫ్యాక్టరీ తమ్ముడికి అప్పగించాక ఏం బుద్ధి పుట్టిందో, చక్రాల మీద ఓ గది కట్టించారు. జీపు వెనక తగిలించుకుని ఎక్కడికంటే అక్కడికి లాక్కుపోవచ్చు. లోపల ఇద్దరు పడుకునే మంచం, గ్యాసు పొయ్యి, బుల్లి సింకు, కిటికీలకు పువ్వుల కర్టెన్లు. ఇంతా చేసి దానికి తెల్ల రంగు వేయించారు.

ఆ తెల్ల రంగుతో వచ్చింది చిక్కంతా. చూసిన ప్రతివాడూ గవర్నమెంటు బండి అనుకునేవాడు. పట్టిసీమ రేవు దగ్గర ఆపితే ఆధార్ వ్యాను అనుకుని క్యూ కట్టారు. భీమవరం పక్కన రొయ్యల చెరువు గట్టు మీద ఆపితే, నీటి పరీక్షల బండి అనుకుని సీసాల్లో చెరువు నీళ్ళు పట్టుకొచ్చారు. బావగారు ఎవర్నీ ఉత్త చేతులతో పంపేవారు కాదు. "ఆధార్ లేదండి, కాఫీ ఉంది, పుచ్చుకోండి" అనేవారు. అర్థం కాకపోయినా అందరూ పుచ్చుకునేవారు.

ఏ ఊరెళ్ళినా ఆయనకు ముందు కావలసింది దేవుడి దర్శనం కాదు, చదునైన నేల. తాపీమేస్త్రీలు గోడ కట్టేటప్పుడు వాడే రసమట్టం ఒకటి ఆయన పొయ్యి పక్కన ఎప్పుడూ ఉంటుంది. దాని గాజు గొట్టంలో బుడగ సరిగ్గా నడిమికొచ్చేదాకా బండి చక్రాల కింద ఇటుకలు పెడతారు, తీస్తారు, మళ్ళీ పెడతారు. చూసి చూసి త్రిమూర్తులు ఓసారి అడిగేశాడు.

"ఎందుకు బావగారూ ఈ అవస్థ? ఇల్లు కడుతున్నారా, కాఫీ కాస్తున్నారా?"

"బండి ఓ పక్కకి ఒరిగిందనుకో, ఫిల్టర్లో పోసిన నీళ్ళన్నీ ఆ పక్కనుంచే దిగిపోతాయి. అవతలి పక్క పొడి ఊరికే తడిసి కూర్చుంటుంది. సగం పొడి పనిచేసి, సగం పొడి పెత్తనం చేస్తే అది కాఫీ అవుతుందటోయ్?"

త్రిమూర్తులుకి ఏమీ అర్థం కాలేదు. బావగారి మాటలు సగం ఎప్పుడూ అర్థం కావు కాబట్టి దాన్ని కూడా ఆ సగంలో వేసుకున్నాడు.

నీళ్ళు పట్టిసీమ దగ్గర క్యానుల్లో పట్టుకున్నవే కావాలి. పాలు ఎదురుగా పితికిన గేదెపాలే కావాలి. గింజలు అప్పటికప్పుడు చేతిమరలో తిప్పి పొడి చెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యం, డికాషన్ దిగుతున్నంతసేపూ బండిలో ఎవరూ కదలకూడదు. టైర్ల మీద ఉన్న గది కదా, ఒకరు తుమ్మితే ఫిల్టరు ఊగుతుంది. ఓ రోజు త్రిమూర్తులు తెలియక బండి మెట్టు మీద కాలు పెట్టాడు. "ఆగు! దిగుతోంది!" అని లోపల్నుంచి ఓ కేక వినిపించింది. ఎవరు దిగుతున్నారో తెలియక, పెట్టిన కాలు తియ్యాలో వద్దో తెలియక, డికాషన్ పూర్తిగా దిగేదాకా ఒంటికాలి మీద అలాగే నిలబడ్డాడు. వీధిలో వెళ్ళేవాళ్ళు మొక్కేమో అనుకున్నారు.

ఇదంతా ఎందుకో త్రిమూర్తులుకి తోచిన కారణం ఒక్కటే. బావగారు అలిగారు. ఇంటల్లుడు ఇంటి కాఫీ తాగట్లేదంటే అలక కాక మరేమిటి? ఏ అల్లుడైనా అలిగితే తీర్చడానికి మన వైపు పద్ధతులున్నాయి. అడిగితే బావగారు కోపమేం లేదనేవారు, అలిగినవాళ్ళంతా అలాగే అంటారనుకుని త్రిమూర్తులు వాటిని వరసగా అమలు చేశాడు. ముందు కొట్లోంచి మంచి పట్టుపంచె తీసి పెట్టాడు. బావగారు "భలే ఉందోయ్!" అని మురిసిపోయి, ఆ పంచె కట్టుకునే బండిలో కాఫీ కలిపారు. వాచీ కొనిచ్చాడు. "డికాషన్ ఎంతసేపు దిగుతుందో చూసుకోవడానికి బాగుంది" అన్నారు. అప్పుడు త్రిమూర్తులుకి పాత సంగతొకటి గుర్తొచ్చింది. అక్క పెళ్ళిలో అలకపాన్పు మీద బావగారు టేప్ రికార్డరు అడిగితే, నాన్న రేడియోతో సరిపెట్టేశాడు. అదీ సంగతి అనుకుని, మనిషంత ఎత్తు స్పీకర్లున్న మ్యూజిక్ సిస్టమ్ తెచ్చి ఇచ్చాడు. ఆ చప్పుడుకి ఫిల్టరు ఊగుతోందని బావగారు దాన్ని భీమవరంలోనే వదిలేసి, మళ్ళీ బండేసుకుని వచ్చారు.

"సంపూర్ణా, బావగారికి మన మీద కోపం ఏంటంటావ్?" అని భార్యని అడిగాడు.

"అన్నయ్యగారికా? కోపమా?" అని సంపూర్ణమ్మ నవ్వేసి, "ఉండండి, వదినగారిని పలకరించి వస్తా" అంటూ వీధిలోకి వెళ్ళిపోయింది. బావగారు వచ్చినప్పుడల్లా ఆవిడ అలా పలకరించడానికి వెళ్ళేది. ఆ పలకరింపు అంతసేపు ఎందుకు పడుతుందో త్రిమూర్తులు ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇదిలా ఉండగా త్రిమూర్తులు కూతురు చిన్నికి మండపేట సంబంధం కుదిరింది. చిన్ని విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తోంది. వియ్యంకుడు కాబోయే బంగార్రాజు గారు ధాన్యం వ్యాపారి, మర్యాద దగ్గర బియ్యపు గింజంత తేడా కూడా పట్టుకునే మనిషి. మరిడమ్మ జాతరకి ఆయన భార్యతో సహా మొదటిసారి ఇంటికొస్తున్నానని కబురు చేశాడు. త్రిమూర్తులు ఇంటికి సున్నం వేయించాడు, సోఫాలకు కొత్త గుడ్డలు వేయించాడు. తీరా జాతరనాడు పొద్దున్నే చూస్తే, కొత్త సున్నం వేసిన గోడ పక్కనే బావగారు చక్రాల కింద ఇటుకలు పెడుతున్నారు.

త్రిమూర్తులు పరుగున వీధిలోకి వెళ్ళాడు.

"బావగారూ, మీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్క పూటా లోపలికి రండి. వియ్యంకుల ఎదురుగా మా ఇంట్లో ఒక్క కాఫీ తాగండి, చాలు."

"దానికేం భాగ్యం, తాగుతాను. చేసేదెవరు?"

"ఇంకెవరండీ, సంపూర్ణ."

"అయితే వద్దులే."

"అంటే... మా ఆవిడ కాఫీ బాగోదనా?"

"అమృతంలా ఉంటుంది. అందుకే వద్దంటున్నా. ఆ ఇటుక ఇలా అందుకో."

త్రిమూర్తులు ఇటుక అందించాడు. బాగుంటుంది కాబట్టి వద్దంటున్నారా, వద్దు కాబట్టి బాగుంటుందంటున్నారా అని తేల్చుకోలేక, ఇంకో ఇటుక కూడా అందించి లోపలికి వచ్చేశాడు.

జాతర రోజు కదా, పొద్దున్నుంచీ చుట్టాలు దండుగా దిగుతున్నారు. ఓ జట్టు కాఫీ తాగి గుడికి వెళ్తే ఇంకో జట్టు గుడినుంచి కాఫీకి వస్తోంది. సంపూర్ణమ్మ పొయ్యి దగ్గరనుంచి కదల్లేదు. ఆ సందడి కాస్త సద్దుమణిగాక బంగార్రాజు దంపతులు వచ్చారు. ఆయన హాల్లో కూర్చుని, కిటికీలోంచి వీధిలోకి చూశాడు.

"ఆ కంటి ఆపరేషన్ల వ్యాను ఏంటండీ, మీ గుమ్మం ముందుంది?"

"వ్యాను కాదండి, మా బావగారండి."

"డాక్టరా?"

"కాదండి. కాఫీ."

బంగార్రాజు గారు మళ్ళీ కిటికీలోంచి చూశాడు. "మరి ఇంట్లోకి రారేం?"

"వస్తారండి. అంటే... రారండి."

"చూడండి త్రిమూర్తులు గారూ," అన్నాడు బంగార్రాజు గొంతు తగ్గించి. "ఉన్న అల్లుడు వీధిలో ఎందుకున్నాడో, కాబోయే అల్లుడి తండ్రిని కాబట్టి నేను తెలుసుకోవాలి కదండీ. రేపు మా వాడికీ ఆ వీధే గతా? మాటపట్టింపులేవైనా ఉంటే ఇప్పుడే చెప్పండి. శ్రావణంలో ముహూర్తాలు పెట్టుకోబోయే ముందే తేలిపోవడం మంచిది."

త్రిమూర్తులుకి సంగతి అర్థమైంది. కూతురి పెళ్ళి ఓ కాఫీ గ్లాసు మీద ఊగుతోంది. ముందు ఈయనకి కాఫీ పడితే కాస్త మెత్తబడతాడని, "సంపూర్ణా, కాఫీలు!" అని కేకేశాడు. జవాబు లేదు. మళ్ళీ కేకేశాడు. వంటింట్లోకి వెళ్ళి చూస్తే పొయ్యి ఆర్పేసి ఉంది, పాలగిన్నె బోర్లించి ఉంది, మనిషి లేదు. చేతులు కడుక్కుంటానని లోపలికెళ్ళిన వియ్యపురాలు కూడా లేదు. ఇంట్లో ఆడవాళ్ళంతా ఏమైపోయారో అంతుపట్టక, వీధిలోకి పరుగెత్తి బండి మెట్టు మీద కాలు పెట్టాడు.

"ఆగు! దిగుతోంది!"

ఒంటికాలి మీద నిలబడిపోయాడు. అలా నిలబడి, తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికి చూశాడు.

మంచం మీద దిండుకి ఆనుకుని, కాళ్ళు బార్లా చాపుకుని సంపూర్ణమ్మ కూర్చుని ఉంది. పక్కన వియ్యపురాలు. ఆ పక్కన రమాదేవి. కింద పీట మీద, జాతరలో గాజులమ్మే ఏసమ్మ. బీపీ చూసే బండి అనుకుని ఎక్కిందట. పట్టుపంచె ఎగ్గట్టి, భుజాన తుండేసుకున్న బావగారు, రెండో వాయి దిగుతున్న ఫిల్టరు ఊగకుండా, నిలబడ్డ చోటునుంచే గ్లాసులు అందిస్తున్నారు.

"వియ్యపురాలు గారూ, మీకు డికాషన్ దండిగా పడాలన్నారు, చూడండి. ఏసమ్మా, నీకు పంచదార రెండు చెంచాలు. సంపూర్ణా, నీకు పంచదార తక్కువ, పాలు చిక్కగా, పొగలు కక్కుతూ. సరిపోయిందా అమ్మా?"

"సరిపోయింది అన్నయ్యగారూ" అని సంపూర్ణమ్మ ఓ గుక్క తాగి, కళ్ళు మూసుకుంది.

త్రిమూర్తులు విస్తుపోయాడు. సంపూర్ణకి పంచదార తక్కువని అతనికి తెలియదు. అసలు తన భార్య కూర్చుని కాఫీ తాగడం ఎప్పుడైనా చూశానా అని ఎంత వెతుక్కున్నా ఒక్కటీ గుర్తురాలేదు. ఆవిడ కాఫీ పట్టుకొస్తూ గుర్తొచ్చింది, గ్లాసులు తీసుకెళ్తూ గుర్తొచ్చింది.

"బావగారూ, అసలేంటండీ ఇదంతా?" అన్నాడు నీరసంగా.

"ఏముందోయ్? మా ఇంట్లో ఓ రోజు చూద్దును కదా, మీ అక్క వచ్చినవాళ్ళందరికీ కాఫీలిచ్చి, గిన్నె అడుగున మిగిలింది మళ్ళీ వెచ్చబెట్టుకుని నిలబడి తాగుతోంది. నాకు ప్రాణం ఉసూరుమంది. కాఫీ ఎంత అమృతంలా ఉంటే, చేసినావిడకి అంత తక్కువ మిగులుతుంది. మర్నాడు నేను చేస్తానని వంటింట్లోకి వెళ్తే తరిమేసింది."

"తరమనా మరి?" అంది రమాదేవి. "వచ్చినవాళ్ళు చూస్తే, మొగుడిచేత చాకిరీ చేయిస్తోందని నన్ను కాదూ అనేది?"

"మీ ఇంట్లో అడిగా. 'అన్నయ్యగారూ, నా పరువు తియ్యకండి' అంది మీ ఆవిడ. ఏ ఇంటికెళ్ళినా అంతే, నన్ను పొయ్యి ముట్టుకోనిచ్చిన మహాతల్లి లేదు. ఇంకేం చెయ్యను? నా వంటిల్లు నేనే తెచ్చుకున్నా. ఈ బండిలో ఇల్లాలు ఎవరూ ఉండరు. ఎక్కినవాళ్ళంతా చుట్టాలే."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు ఎప్పుడు అడిగినా కోపమేంటనే అడిగావు. లేదని చెప్తూనే ఉన్నా. నువ్వు పంచెలు పెడుతూనే ఉన్నావు. బాగున్నాయి కదా అని పుచ్చుకున్నా."

ఇంతలో వెనకనుంచి బంగార్రాజు గారు వచ్చాడు. "ఏంటండీ, ఇలా ఒంటికాలి మీద నిలబడ్డారు? ఏమైనా మొక్కా?"

త్రిమూర్తులు నోరు తెరిచేలోగా లోపల్నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. "ఏమండీ, మీరు కిందే నిలబడండి. ఇక్కడ చోటు లేదు. ఇంకో సంగతి. ఈ సంబంధం మనం వదులుకునేది లేదు. ఇంటల్లుళ్ళకి ఇలాంటి బుద్ధులు అంటించే ఊరు మళ్ళీ మనకి దొరకదు."

బంగార్రాజు గారు త్రిమూర్తులుకేసి చూశాడు. ఆయన మొహం చూస్తే ఏమీ అర్థం కాలేదని తెలుస్తోంది. ఎన్నాళ్ళ తర్వాతో తనకన్నా అయోమయంలో ఉన్న మనిషి కనిపించేసరికి త్రిమూర్తులుకి ప్రాణం లేచొచ్చింది. వియ్యంకులిద్దరూ చేతులు కట్టుకుని బండి పక్కన నిలబడ్డారు. వాళ్ళని చూసి వెనక ఓ నలుగురు నిలబడ్డారు. వాళ్ళ వెనక ఇంకో పదిమంది. బావగారు తలుపులోంచి తొంగిచూసి, "కళ్ళజోళ్ళు ఇవ్వట్లేదండి, కాఫీ ఉంది" అని అందరికీ వినపడేలా చెప్పి, మళ్ళీ గింజలు తిప్పడం మొదలుపెట్టారు.

మర్నాడు పొద్దున్నే బావగారి బండి రాజమండ్రి దారి పట్టింది. అది మలుపు తిరిగేదాకా చూసి, త్రిమూర్తులు నేరుగా వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించాడు. పాలగిన్నె ఎక్కడుంటుందో వెతుకుతుండగా సంపూర్ణమ్మ వచ్చింది.

"ఏంటండీ ఇది?"

"నువ్వు కూర్చో. నీకు పంచదార తక్కువ, పాలు చిక్కగా. అంతే కదూ?"

సంపూర్ణమ్మ ఓ క్షణం అతని మొహంలోకి అలాగే చూసింది. కళ్ళు తళుక్కుమన్నాయి. నవ్వు కూడా వచ్చింది. వెంటనే కొంగు దోపి, అతని చేతిలో గిన్నె లాక్కుంది.

"హాల్లో జాతరకొచ్చిన చుట్టాలున్నారు. చూస్తే నా పరువేం గాను? నడవండి బయటికి!"

త్రిమూర్తులు బయటికి నడిచాడు. అరుగు మీద కూర్చుని బావగారికి ఫోను చేశాడు.

"ఏమోయ్, నాకు కోపం లేదని చెప్పానా?" అన్నారు బావగారు.

"అది కాదు బావగారూ," అన్నాడు త్రిమూర్తులు, చుట్టాలకి వినపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని. "ఆ బండి ఎక్కడ కట్టించారండీ?"