అక్కకు అన్నమంటే భయం

అన్నమంటే భయపడే మనిషిని నేను మొదటిసారి చూసింది నా చిన్నప్పుడు, లింగంపేటలో. ఆమె మా పక్కింటి అక్క. నాకప్పుడు తొమ్మిదేళ్ళో పదేళ్ళో ఉంటాయి. అక్క ఎల్లారెడ్డిలో ఇంటర్ చదివేది. పొద్దున బస్సెక్కి వెళ్ళి, సాయంత్రం వచ్చాక తల్లి పక్కన కూర్చుని బీడీలు చుట్టేది. తండ్రి దుబాయి పోయాడు. తల్లికి ఆయాసం. వంట, నీళ్ళు, తమ్ముళ్ళ చదువు అన్నీ అక్క మీదే పడ్డాయి. అయినా ముఖం మాడ్చుకుని ఎవరికీ కనపడలేదు. మా వాడలో ఆడపిల్లల్ని తిట్టాల్సి వస్తే, ఆమెను చూపించి మరీ తిట్టేవాళ్ళు.

ఆ వేసవిలో చుట్టాల పెళ్ళికి వెళ్ళాం. అక్క వడ్డిస్తుంటే వాళ్ళ మేనమామ, "ఏంది బిడ్డా, మీ నాయిన దుబాయిల కష్టపడ్డదంతా నీ పెయ్యికే పట్టినట్టున్నది" అన్నాడు. ఒళ్ళు చేసిందన్న ఆ మాటకు బంతిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆయన చెడ్డవాడేం కాదు, నలుగురిని నవ్వించడం ఆయన అలవాటు. అక్క కూడా నవ్వి, చేతిలో ఉన్న పప్పు గిన్నె పట్టుకుని ముందుకు సాగిపోయింది.

ఆ తర్వాత అక్క తినడం మెల్లమెల్లగా తగ్గిపోయింది. అడిగితే ఒకరోజు ఉపవాసమనేది, ఇంకోరోజు కడుపులో బాగాలేదనేది. వింత ఏమిటంటే, వంట మాత్రం తనే చేసేది. తమ్ముళ్ళకు, నాకు కొసరి కొసరి పెట్టేది. తను పొయ్యి దగ్గరే నిలబడి మేము తింటుంటే చూసేది. చూస్తుండగానే జడ సన్నబడింది. నడి ఎండలో కూడా చలి అని దుప్పటి కప్పుకునేది. మొదట్లో అందరూ "సన్నగైనవ్, ఇప్పుడు మంచిగున్నవ్" అని మెచ్చుకున్నారు. మేనమామ మాటకంటే ఆ మెచ్చుకోళ్ళే ఆమెకు ఎక్కువ చేటు చేశాయని నాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు.

బోరింగు దగ్గర కళ్ళు తిరిగి పడిపోయాక అందరూ బెదిరారు. కొందరు గాలి సోకిందన్నారు, కొందరు మొండితనమన్నారు. తాయెత్తు కట్టించారు. అప్పటికీ అక్క మంచినీళ్ళు, చాయ్ తప్ప దాదాపు ఏమీ ముట్టడం లేదు.

బతుకమ్మ పండుగకు మా చిన్నమ్మ వచ్చింది. ఆమె కామారెడ్డి దవాఖానలో నర్సు. మధ్యాహ్నం అమ్మ చేసిన సత్తుపిండి ఇచ్చి రావడానికి నేనూ చిన్నమ్మా పక్కింటికి వెళ్ళాం. వాకిట్లోకి అడుగుపెట్టగానే లోపల కనిపించింది ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. అక్కను గోడకు ఆనించి, ఒక చేత్తో దవడలు పట్టి, ఇంకో చేత్తో అన్నం కుక్కుతోంది వాళ్ళమ్మ. ఇద్దరూ ఏడుస్తున్నారు. అక్క బిగించిన పళ్ళ మీది నుంచి మెతుకులు రాలి పడుతున్నాయి.

చిన్నమ్మ అరవలేదు. పోయి కంచం తీసుకుని పక్కన పెట్టి, వాళ్ళమ్మతో అంది.

"అక్కా, జరమొచ్చిన పిల్లను జరమెందుకొచ్చిందని కొడ్తమా?"

"దీనికి జరమెక్కడిది చెల్లే? నన్ను సతాయించనీకే తింటలేదు ఇది."

"గిది గూడ రోగమే. కావాలని చేస్తలేదు. తిందామనుకున్నా తిననిస్తలేదు లోపలి భయం."

అక్క మొదటిసారి తలెత్తి చిన్నమ్మను చూసింది. చిన్నమ్మ ఆమె చల్లటి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని నాడి చూసింది. నాడి మరీ మెల్లగా కొట్టుకుంటోందంది. అప్పటికప్పుడు జీపు మాట్లాడి కామారెడ్డి తీసుకుపోయింది.

ఇంకా ఆలస్యమైతే గుండె ఆగిపోయేదని అక్కడి డాక్టరమ్మ చెప్పిందట. అన్నాళ్ళు ఎండిన కడుపులో ఒక్కసారి బలవంతంగా నింపినా ప్రాణానికే ముప్పట. అందుకే దగ్గరుండి కొంచెం కొంచెంగా పెంచారు. ఒంట్లో కాస్త సత్తువ వచ్చాక హైదరాబాదులో మనసు డాక్టరుకు చూపించమన్నారు. అక్కడ అక్క తల్లి అడ్డం తిరిగింది.

"పిచ్చి దవాఖానకా? ఊళ్ళె తెలిస్తే నలుగురు ఏమంటరు?"

"ఆ నలుగురు నీ బిడ్డను బతికిస్తరా?" అంది చిన్నమ్మ. అక్క తల్లి లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

ఆ డాక్టరు దగ్గర అక్క చెప్పిన మాటను వాళ్ళమ్మ తర్వాత మా అమ్మతో చెప్పుకుని ఏడ్చింది. "నాయిన దుబాయి పోయిండు, నీకు పానం బాగుంటలేదు. ఇంట్ల ఏదీ నా చేతుల లేదు. ఈ ఆకలి ఒక్కటే నా మాట ఇన్నది. ఎనకకు పోదామనుకునేసరికి అది గూడ ఇంటలేదు" అన్నదట. పెళ్ళిలో అన్న మాట ఒక్కటే కారణమైతే అందరికీ ఈ జబ్బు రావాలి కదా అని డాక్టరు వివరించాడట. కొందరి స్వభావంలోనే అన్నీ తామే మోయాలన్న పట్టుదల ఉంటుంది. దానికి ఇంటి కష్టం తోడవుతుంది, పైన ఎవరో ఒక మాట అంటారు.

ఇంటికి వచ్చాక చిన్నమ్మ కట్టడి చేసింది అక్కకు కాదు, మాకు. వేళకు అందరూ కలిసి కూర్చోవాలి. అక్క కంచంలోకి చూడకూడదు. ఇంకొంచెం తినమని బతిమాలకూడదు, తింటే శభాష్ అనకూడదు. లావు, సన్నం అన్న మాటే ఆ ఇంట్లో వినపడకూడదు. నన్ను కూడా రోజూ అక్కడే తినమంది. "బడి ముచ్చట్లు చెప్పు. నీ పని గదే" అంది. నేను మా పంతులు ముక్కుపొడి వేసుకునే తీరు దగ్గర్నుంచి అన్నీ చెప్పేదాన్ని.

ఒకరోజు అక్క మొదటి ముద్ద దగ్గరే ఆగిపోయింది. కంచం జరిపేసి మోకాళ్ళలో తల పెట్టుకుంది. వాళ్ళమ్మ కోప్పడుతుందేమోనని ఆమె వైపు చూశాను. ఆమె లేచి వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

"ఏమైతుంది బిడ్డా లోపల?"

"తిడ్తున్నరు అవ్వా. ముద్ద ఎత్తంగనే లోపల ఎవరో తిడ్తున్నరు."

వాళ్ళమ్మ కంచాన్ని ఇద్దరి మధ్యకు జరిపింది. తర్వాత మెల్లగా అంది. "తిట్టనీ. ఆ తిట్టేది నువ్వు కాదు గదా. నాకు గూడ భయమైతున్నది బిడ్డా, నువ్వు నాకు దక్కవేమోనని. ఇద్దరికీ భయమే ఉన్నది. భయపడుకుంటనే చెరొక ముద్ద తిందాం."

ముందు ఆమె తిన్నది. చాలాసేపటికి అక్క కూడా తిన్నది. ఏడుస్తూనే తిన్నది. అన్నం తినడానికి కూడా ఒక మనిషికి అంత ధైర్యం కావాలని నాకు ఆ రోజే తెలిసింది.

అక్క ఒక్కసారిగా బాగుపడలేదు. పరీక్షల ముందు మళ్ళీ తగ్గించింది, మళ్ళీ హైదరాబాదు తిరిగారు. తండ్రి దుబాయి నుంచి వచ్చేశాడు. ఇంటి బరువు కొంత పంచుకున్నారు. ఏళ్ళు పట్టింది. ఇప్పుడు ఆమె ఎల్లారెడ్డిలో బట్టలు కుట్టే దుకాణం నడుపుతోంది. కొలతలు తీసేటప్పుడు ఏ ఆడపిల్ల ఒంటి గురించీ ఒక్క మాట అనదు, ఎవరినీ అననివ్వదు. పూర్తిగా పోయిందా అక్కా అని ఒకసారి అడిగాను. "మనసు బాగలేని రోజున అప్పుడప్పుడు పిలుస్తది. ఇప్పుడు నేను పలుకుతలేను" అంది.

నేనూ అమ్మమ్మనయ్యాను. చుట్టాల పిల్లలు ఎదురైతే లావైనవనో బక్కగైనవనో పలకరించడం మా వాళ్ళకు ఇంకా పోలేదు. నేను మాత్రం ఏం చదువుతున్నవని అడుగుతాను. మొన్న వచ్చిన మా మనుమరాలు రెండు పూటలు వరసగా కంచం జరిపేసింది. ఫోన్లు చూసి చూసి గిట్లైందని వాళ్ళమ్మ గొంతు పెంచింది. నేను నా కంచం తెచ్చుకుని పిల్ల పక్కన కూర్చున్నాను. మా వీధిలో కొత్తగా వచ్చిన కుక్కపిల్ల గురించి ఏదో చెప్పాను. కాసేపటికి తనే నా మోచేయి పట్టుకుంది.

"అమ్మమ్మా, బడిలో ఒకరు నన్నొక మాటన్నరు."

చేతిలో ముద్ద కంచంలో పెట్టి, పిల్ల వైపు తిరిగి కూర్చున్నాను.