ఎడారి కాగితం మీద మా నాయన సంతకం

నా చిన్నప్పుడు కువైట్‌లో మా నాయన ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా ముందు నేను చదివి చెప్పాలి. ఆయన రాయచోటి దగ్గరి పల్లె నుంచి వచ్చి సులైబియా గోదాముల్లో లారీ నడిపేవాడు. ఇంగ్లీషు రాదు. నేనప్పుడు ఇండియన్ స్కూల్లో ఆరో తరగతి.

మా సైన్స్ టీచర్ గోదావరి వైపు ఆవిడ. పుస్తకంలో ఎడారి పాఠం చెప్పి ఊరుకోకుండా మమ్మల్ని ఎడారికే తీసుకెళ్తానంది. ఇంట్లో సంతకం పెట్టించుకు రమ్మని కాగితాలిచ్చి, వాటిలో ఏముందో క్లాసంతటికీ వివరంగా చెప్పింది.

నాయనకు ఎడారంటే భయం. గల్ఫ్ యుద్ధం ముగిసి కొన్నేళ్ళే అయింది. ఇసుకలో మిగిలిపోయిన మందుపాతర పేలి మా ఊరినుంచి వచ్చి అక్కడ గొర్రెలు కాసే ఒకతనికి కాలు పోయింది. మేము వెళ్ళేది మందుపాతరలన్నీ తీసేసి కంచె వేసిన చోటికని కాగితంలో ఉంది. అయినా నాయన ఒప్పుకోడనిపించింది. "పరీక్ష కాగితం నాయనా" అన్నాను. సంతకం పెట్టేశాడు.

ఆ చలికాలపు ఉదయం టీచర్ మమ్మల్ని ఇసుకలో కూర్చోబెట్టి, పిడికిలిలా ముడుచుకుపోయిన ఎండు మొక్కను చూపించింది. "ఇది చచ్చిపోయిందంటారా?" అంది. అందరం అవునన్నాం. దాని మీద సీసాలో నీళ్ళు పోసింది. మేము పక్షుల అడుగుజాడలూ ఉడుముల బొరియలూ వెతికి తిరిగొచ్చేసరికి దాని కొమ్మలు మెల్లగా విచ్చుకుంటున్నాయి. ఇక్కడివేవీ ఇంటికి తీసుకెళ్ళవద్దని మరీ మరీ చెప్పింది. నేను అలాంటి మొక్కనే ఒకటి పీకి జేబులో వేసుకున్నాను.

ఆ సాయంత్రమే అది నాయన కంటబడింది.

"యాడిదిరా ఇది?"

"టీచర్ ఎడారికి తీసకపోయింది."

"నాకు చెప్పకుండానా?"

"నువ్వు సంతకం పెట్టిన కాగితం దీనికేనంట నాయనా."

మర్నాడు నాయన ప్రిన్సిపాల్ గదిలో టీచర్ మీద అరిచాడు. "సదువు రానోడని ఏందో కాయితం మీద సంతకం పెట్టిచ్చుకుంటారా? మా పిల్లోనికి ఏమన్నా అయ్యింటే?" ప్రిన్సిపాల్ నా వైపు తిరిగాడు. ఇంట్లో ఏమని చెప్పావని అడిగాడు. నా భుజం మీద నాయన చెయ్యి బిగిసింది.

"పరీక్ష కాగితమని టీచరే చెప్పింది" అన్నాను.

క్లాసులో ఎవరిని పిలిచి అడిగినా నా అబద్ధం బయటపడేది. ఆమె ఎవరినీ పిలవలేదు. నా భుజం మీద నాయన చెయ్యి చూసిందనుకుంటాను. "నేనే సరిగ్గా చెప్పలేదేమోనండి" అంది.

ఆ ఏడాది చివర ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. అక్కడ ఉండడానికిచ్చే అనుమతి, ఇఖామా, స్కూలు పేరు మీదే ఉండడంతో ఆమె దేశం కూడా వదలాల్సి వచ్చింది. వెళ్ళేముందు నన్ను పక్కకు పిలిచి ఒక్క మాటే అంది. "మీ నాన్నగారు నీ మొహం చూసి సంతకం పెడతారు నాన్నా. అది గుర్తుంచుకో."

చదువు రానివాళ్ళను మోసం చేసిన టీచరని మా జిల్లావాళ్ళు ఆమె గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు. మోసం చేసింది నేను. పోయినేడు, ఊరికి తిరిగెళ్ళిపోయిన నాయనకు ఫోన్లో ఆ సంగతి చెప్పాను. "ఆయమ్మను అంతమంది ముందర తిడితి గదరా" అన్నాడు. అప్పటినుంచి ఎప్పుడు మాట్లాడినా ఆమె జాడ తెలిసిందా అని అడుగుతున్నాడు. ఇంకా తెలియలేదు.

ఇప్పుడు నేనూ కువైట్‌లోనే పనిచేస్తున్నాను. ఇక్కడ మనవాళ్ళు కంపెనీ కాగితాలు నా దగ్గరికే తెస్తారు. ఒక్క వాక్యం వదలకుండా చదివి, అర్థమైందేమిటో వాళ్ళ నోటితో చెప్పించుకున్నాకే కలం చేతికిస్తాను. "యల్లా, తొందరగా కానీ అన్నా, నువ్వు చెప్తే చాలదా! యాడ పెట్టాల్నో చూపీ" అని విసుక్కుంటారు. ఆ మాట వినగానే కాగితాన్ని మళ్ళీ మొదటినుంచి చదువుతాను.