సాంచా ఆపి రా

మా ఆయన మిలట్రీ ట్రైనింగ్‌కు పోతూ పోతూ నా ఫోన్ పట్టుకుపోయాడు. ఆయనది అంతకు ముందే నీళ్ల బకెట్‌లో పడి చచ్చింది. "ఆడ ఫోన్ లేకుంటె ఎట్ల? నువ్వైతె ఇంట్లనే ఉంటవు గద" అన్నాడు. తీరా అక్కడికి పోగానే అందరి ఫోన్లూ గుంజుకుని పెట్టెలో వేసి తాళం పెట్టారట. ఆదివారం కాసేపు ఇస్తారు, సిగ్నల్ దొరికే ఒక్క మూలలో లైన్ కట్టి మాట్లాడాలి, మళ్లీ లాక్కుంటారు. అట్లా నా ఫోన్ కూడా ఆయనతో పాటు ట్రైనింగ్ చేసింది. నేను మాత్రం సూరత్‌లో, బమ్రోలీలోని అత్తగారింట్లో, అత్తమ్మ ఫోన్ పట్టుకుంటే ఆమె భుజం వెనక నిలబడి మొగుడి ముఖం చూసుకున్నాను.

నిజానికి అది మిలట్రీ కాదు, కేంద్ర బలగాల్లో జవాను ఉద్యోగం. మా గల్లీలో ఆ తేడా ఎవరికీ పట్టదు. తుపాకి పట్టినవాడల్లా మిలట్రీయే. పరీక్ష ఎప్పుడో రాశాడు, పరుగు ఎప్పుడో పాసయ్యాడు. మొదటి లాక్‌డౌన్ వచ్చి పని బందై, ఎవరో పంచే కిచిడీ కోసం గిన్నె పట్టుకుని వరసలో నిలబడిన రోజుల్లో ఆ ఉద్యోగం మాట ఎత్తడమే మానేశాం. మరుసటి ఏడు చలి తగ్గేవేళకు పిలుపు వచ్చింది. నేను వద్దనలేదు. తెల్లవారకముందే లేపి కాలువ రోడ్డు మీద పరుగుకు పంపింది నేనే, గుడ్లు ఉడకబెట్టింది నేనే. ఈ దుమ్ములో, ఈ మోతలో మా బిడ్డ పెరగకూడదని ఆయనకంటే నాకే ఎక్కువ పట్టుదల.

మోత సంగతి చెప్పాలి. అది చెప్పకుంటే మిగతాది అర్థం కాదు.

మాది కరీంనగర్ దిక్కు నుంచి సూరత్‌కు వచ్చిన నేతపనివాళ్ల కుటుంబం. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. ఒక్క షెడ్డులో అన్ని సాంచాలు ఒకేసారి ఆడుతుంటే పక్కవాడి చెవిలో అరిచినా వినపడదు. అందుకని అక్కడ అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. రెండు చూపుడువేళ్లు కొక్కెంలా తగిలించి విడదీస్తే పోగు తెగిందని. పొట్ట చుట్టూ అరచేయి తిప్పితే సేఠ్ వస్తున్నాడని. బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్ తాగుదామని. ఎవరూ బడి పెట్టి నేర్పరు, నాలుగు రోజులు ఉంటే అదే వస్తుంది.

నాకు ఆ మాట నేర్పింది మా బాపు. చిన్నప్పటి నుంచి ఆయన వెంట షెడ్డుకు పోయి కండెలకు దారం చుట్టేదాన్ని. ఏళ్ల తరబడి ఆ మోతలో నిలబడి బాపు చెవులు పోయాయి. ఇంట్లో అమ్మ ఆయన చెవి దగ్గర అరిచేది, ఆయన నోటితో జవాబు చెప్పేవాడు. అమ్మ షెడ్డు మొహం చూడలేదు, చేతుల మాట నేర్వలేదు. నేనూ బాపూ మాత్రం ఇంట్లో కూడా వేళ్లతోనే ముచ్చట పెట్టుకునేవాళ్లం. అమ్మ మీద చాడీలు కూడా ఆమె ముందరే చెప్పుకునేవాళ్లం. "ఏందిర మీ ఇద్దరి గుసగుస?" అని ఆమె గరిటె ఎత్తేది.

మా ఆయన ఊరి నుంచి వచ్చి బాపు చేతి కిందనే పని నేర్చుకున్నాడు. నాతో మాట కలిపింది కూడా వేళ్లతోనే. అయితే అంత మోతలో ప్రేమ చెప్పుకోవాలంటే చేతులే గతి, ఆ చేతుల్ని షెడ్డంతా చదువుతుంది. మా సంగతి బాపు కంటే ముందు సేఠ్‌కు తెలిసింది.

ఆ సైగల్లో ఒకటి ఉంది. పిడికిలిని తలకంటే పైకి ఎత్తి, సాంచా హ్యాండిల్ గుంజినట్టు ఛాతీ దాకా లాగడం. సాంచా ఆపి రా అని. ఒకసారి ఒకాయన మెడలోని తువ్వాల బెల్టులో చిక్కుకుంటే బాపు ఆ సైగ చేశాడు, నలుగురు ఉరికొచ్చి ఆయన్ని బయటికి లాగారు. అది చూసినవాడు ఎందుకని అడగకూడదు. బట్ట పాడైనా, పోగులన్నీ తెగినా, ఆపి పోవాలి. మా ఆయనకు పని నేర్పిన మొదటిరోజే బాపు చెప్పాడు, నా ముందరే చెప్పాడు. "గీ సైగ ఆటకు చేసినోని చెయ్యి ఇరగ్గొట్టాలె. సూసి సూడనట్టు ఉన్నోనివి రెండు చేతులు ఇరగ్గొట్టాలె."

ఇక ట్రైనింగ్ సంగతి. మొదటి ఆదివారాలు బాగానే గడిచాయి. ఎండలో ఉరికిస్తున్నారని, పాదాలు పగిలాయని, గుండు గీశారని చెప్పేవాడు. ప్రతిసారీ "మామ మంచిగున్నడా?" అని బాపును అడిగేవాడు. అది నాకు బంగారం పెట్టినంత సంతోషంగా ఉండేది. ఇంతలో కరోనా రెండోసారి వచ్చిపడింది. ఒక ఆదివారం నేను నోరు ఊరుకోక, గల్లీలో ఇంటింటా జ్వరాలున్నాయని, ఎదురింటి ముసలాయన పోయాడని చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది. అత్తమ్మ టక్కున ఫోన్ కోసేసింది.

"ఈడి ఏడుపులు ఆడికి పంపకు పిల్లా. గాడు మనసు పెట్టి నేర్సుకోవాలె. ఆ వెనక గల్లీ పోరడు గిట్లనే ఇంటి ముచ్చట ఇని ట్రైనింగ్ ఇడిసి ఉరికొచ్చిండు. ఏమైంది? మల్ల సాంచా కాడికే పాయె" అంది.

అప్పటి నుంచి ఫోన్ ఆమె చేతిలోనే. నేను వెనక. నవ్వుతూ.

ఆ వేసవిలోనే బాపుకు జ్వరం వచ్చింది. అమ్మా బాపూ ఇచ్ఛాపూర్‌లో ఉండేవాళ్లు. చెవులు పోయాక బాపు అక్కడొక ఫ్యాక్టరీలో ఊడ్చే పనికి కుదిరాడు. అమ్మ దగ్గర ఉన్నది బటన్ల ఫోన్. అత్తమ్మ ఫోన్‌కు చేసి ఏడ్చింది. "బిడ్డా, మీ బాపుకు దమ్ము వస్తలేదు. నిన్ను సూడాలంటుండు. ఒక్కసారి వచ్చిపో."

ఫోన్లో మాట్లాడమంటే ఆయనకు వినపడదు. నేను పోవాలి, ఎదురుగా నిలబడాలి, నా చేతులు ఆయనకు కనపడాలి. గుమ్మం బయట నిలబడ్డా చాలు. తపతి దాటితే ఇచ్ఛాపూర్. ఆటోలు తిరుగుతూనే ఉన్నాయి.

అత్తమ్మ గుమ్మానికి అడ్డం కూర్చుంది. "పోతె పో. పొల్ల నా కాడ్నే ఉంటది. మల్ల రోగం పట్టుకొని ఈ గడప ఎక్కకు" అంది. మామయ్యకు ఉబ్బసం. ఆమె భయం అబద్ధమని ఇవాళ్టికీ అనను. కానీ నా బిడ్డ ఇంకా పాలు తాగుతోంది. నేను కాళ్లా వేళ్లా పడితే ఆమె చివరికి ఒక దారి చూపించింది. "నా కొడుకు పొమ్మంటె పో. నేనెందుకు వద్దంట? కానీ గాన్ని ఏం అడగొద్దు, ఏం చెప్పొద్దు." ఆయన చెప్తే పోవచ్చు, ఆయనకు మాత్రం చెప్పకూడదు. అట్లాంటి ధర్మం ఏ పెద్దమనిషీ చెప్పి ఉండడు.

ఆదివారం వచ్చింది. అత్తమ్మ ఫోన్ చేత్తో పట్టుకుని కూర్చుంది. నేను బిడ్డను చంకనెత్తుకుని వెనక నిలబడ్డాను. "మంచిగున్నవా కొడుకా? తిన్నవా?" అంటోంది. ఆయన నవ్వుతూ ఏదో చెప్తున్నాడు. నేను బిడ్డను ఎడమచేతికి మార్చుకున్నాను. కుడి పిడికిలిని తలకంటే పైకి ఎత్తాను. ఛాతీ దాకా లాగాను.

నోరు తెరిచి అరవచ్చు కదా అంటారు. అరిస్తే ఫోన్ కోసేది. ఆయన అంతా వదిలి ఉరికొస్తే, ఆ ఉద్యోగాన్ని మింగినదాన్ని నేనే అని బతికినంత కాలం పొడిచేవాళ్లు. నాకు ఆయన రావాలని లేదు. ఏందని అడగాలి, అంతే. భార్యను ఏందని అడిగితే ఏ అత్త అడ్డం పడుతుంది?

ఆయన చూశాడు. చూశాడని నాకెట్లా తెలుసంటే, ఆయన కుడిచేయి దానంతట అదే లేచింది. లేని సాంచాకు హ్యాండిల్ ఎక్కడ ఉంటుందో సరిగ్గా అక్కడి దాకా పోయింది. ఒక్క క్షణం అక్కడే ఆగింది. తర్వాత ఆ చేత్తోనే గుండు గోక్కున్నాడు.

"అమ్మా, ఎనక లైన్ల శానమంది ఉన్నరు. ఉంటా" అన్నాడు. ఫోన్ ఆగిపోయింది.

మరుసటి ఆదివారం రాకముందే బాపును అంబులెన్సులో తీసుకుపోయారు. లోపలికి పోయిన మనిషి బయటికి రాలేదు. ఒళ్లంతా ప్లాస్టిక్ చుట్టి అటు నుంచి అటే శ్మశానానికి పంపించారు. అప్పుడు అత్తమ్మ తానే ఆటో పిలిచింది. "దేవునసొంటి మనిషి పాయె" అని కొంగు కళ్లకు అద్దుకుంది. చచ్చినవాని కళ్లు చారెడు అని ఊరికే అన్నారా? బతికుండగా చూడనివ్వని మనిషికి చచ్చాక ఫొటోకు దండ వేయనిచ్చారు.

ఇచ్ఛాపూర్‌లో అమ్మ మంచం కోడు పట్టుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఆఖర్న బాపు ఏమన్నాడని అడిగాను.

"మాట రాలె బిడ్డా. దమ్ము లేక మాట రాలె. ఊకెనే చేతులు ఆడిచ్చిండు. నీళ్లా అన్న, కాదన్నడు. దుప్పటా అన్న, కాదన్నడు. మల్ల మల్ల ఆడిచ్చిండు. నాకేం ఎరుక గా చేతుల మాట? అంబులెన్స్ ఎక్కిచ్చేదాంక ఆడిచ్చిండు."

నేను ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. "ఎట్ల ఆడిచ్చిండో చూపియ్యి అమ్మా" అన్నాను. అమ్మ చూపించింది. "గిట్లన్నడు, మల్ల గిట్లన్నడు" అని వేళ్లు తిప్పింది. మళ్లీ చూపమంటే ఇంకో తీరుగా తిప్పింది. పాపం, ఆమెకు ఏం గుర్తుంటుంది? ఎన్నిసార్లు చూపించినా నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన నన్నేమైనా అన్నాడో, నా బిడ్డను అడిగాడో, అమ్మను చూసుకోమన్నాడో, లేక అవేవీ కాక చాయ్ కావాలన్నాడో. ఆ చేతుల్ని చదవగలిగినవాళ్లు మా ఇంట్లో ఇద్దరమే. ఒకదాన్ని బమ్రోలీలో కూర్చోబెట్టారు. రెండోవాడు లైన్లో శానమంది ఉన్నారన్నాడు.

బాపు పోయిన సంగతి ట్రైనింగ్ అయ్యేదాకా ఆయనకు చెప్పొద్దని అందరూ తీర్మానించారు. నేనూ తలూపాను. ఒక్కటి మాత్రం గమనించాను. ఆ ఆదివారం తర్వాత ఆయన "మామ మంచిగున్నడా?" అని అడగడం మానేశాడు. ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే ఏం వినాల్సివస్తుందో తెలిసినవాడే అట్లా అడగకుండా ఉంటాడు.

ట్రైనింగ్ అయిపోయి వచ్చాడు. గల్లీ మొగదల పటాకులు కాల్చారు, మెడనిండా దండలు వేశారు, పిల్లలు సెల్యూట్లు కొట్టారు. బాపు సంగతి చెప్తే తల వంచుకుని కూర్చున్నాడు. ఏడ్చాడు కూడా. ఆ ఏడుపు అబద్ధం కాదు. పని నేర్పిన ఉస్తాద్ కదా. అందరూ పోయాక అడిగాను.

"ఆనాడు సూసినవా లేదా?"

"సూసిన."

"సూసి?"

"అడిగితె నువ్వు చెప్తవు. చెప్తె నేను ఆగలేను. నడుమల వచ్చినోన్ని ఎనక బ్యాచ్‌ల ఏస్తరు, లేకుంటె ఇంటికే పంపుతరు. నేను చేసింది మనందరి కోసమే గద."

"నిన్ను రమ్మంటినా? మీ అమ్మకు ఒక్క మాట చెప్తె అయిపోతుండె. దాన్ని పంపు అని. గంతే."

"గది నాకెట్ల తెలుస్తది? నువ్వు సాంచా ఆపి రా అన్నవు."

"సాంచా ఆపలేనోడన్నా, తల తిప్పి ఏందని అడుగుతడు."

తప్పైందన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను. కాలింది తన చేతులు కాకున్నా ఆకులు పట్టుకున్నవాడిని మాత్రం ఆయన్నే చూశాను. "నీ చేతులు ఇరగ్గొట్టడానికి మా బాపు లేడు, బతికిపోయినవు" అన్నాను. ఆ మాటకు ఆయన ముఖం తెల్లబోయింది. నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ కలగదు.

పోస్టింగ్ ఎక్కడో మంచు కొండల్లో పడింది. నెలనెలా జీతం వస్తుంది. అత్తమ్మ కొడుకు ఫొటో పెద్దది చేయించి గోడకు తగిలించింది. నాకు కొత్త ఫోన్ వచ్చింది. ఇప్పుడు ఆదివారమే కాదు, ఎప్పుడు వీలైతే అప్పుడు వీడియో కాల్ చేస్తాడు. నా మనసు కరుగుతుందేమోనని పాత సైగలు చేస్తాడు. ఐదువేళ్లూ కలిపి నోటి దగ్గర పెట్టి తిన్నావా అంటాడు. బొటనవేలు పెదవికి ఆనించి చాయ్ తాగుదామా అంటాడు.

నిన్న కూడా చేశాడు. బిడ్డకు ఇప్పుడు అన్నీ అడిగే వయసు, గల్లీలో నేర్చిన హిందీ కలిపి అడుగుతుంది. నా ఒళ్లో కూర్చుని తెర మీద వేలు పెట్టింది.

"మమ్మీ, పప్పా హాథ్‌తోని ఏం బోల్తుండు?"

ఆయన నా వంకే చూస్తున్నాడు.

"ఏం లేదు బిడ్డా" అన్నాను. "ఊకెనే చేతులు ఆడిస్తుండు."