జింకలకు మేత వేసిన అన్న

అన్న పోయాడన్న కబురు మొన్న శుక్రవారం పొద్దున్న వచ్చింది. వంటింట్లో రొట్టెలకి పిండి పిసుకుతున్నాను. ఫోన్లో ఆయన కొడుకు వాయిస్ మెసేజ్. సెలవు మీద నిర్మల్ దగ్గర వాళ్ళ ఊరికి వెళ్ళిన మనిషి, మొక్కజొన్న చేలో పడ్డ అడవిపందిని బాణంతో కొట్టాడట. దెబ్బతిన్న పంది పొదల్లో దూరితే వెతుక్కుంటూ వెళ్ళాడట. అది ఎదురుతిరిగి తొడ చీల్చేసింది. "మేము పోయేటాల్లకే పానం పోయింది అత్తా. పంది గూడ పక్కకే సచ్చి పడి ఉన్నది. బాపు కత్తి దాని మెడలనే ఉన్నది," అన్నాడు.

పిండి చేతులతోనే ఫోన్ పట్టుకుని ముందు తిట్టాను. ఈ వయసులో పొదల్లోకి నిన్నెవడు దూరమన్నాడయ్యా అని, వినపడని మనిషిని నోటికొచ్చినట్టు తిట్టాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఆయన నా తోడబుట్టినవాడు కాదు. మాది రాజోలు వైపు. ఇక్కడ ఖతార్‌లో, ఉమ్ సలాల్ ఊళ్ళో ఒక ఖతారీ కుటుంబానికి వంట చేస్తాను. ఆ ఇంటి వెనక పెద్ద తోట, తోటలో ఇనప కంచె వేసిన ఆవరణ, అందులో జింకల మంద. చనిపోయిన పెద్ద యజమాని ముచ్చటపడి పెంచుకున్నవి. వాటిని చూసుకునేవాడు అన్న. నేను వచ్చిన కొత్తలో "చెల్లె, జర చాయ్ పోస్తవా" అని అడిగితే, నేను నీకు చెల్లెల్ని ఎప్పుడయ్యానని కసిరాను. "ఈ తోటల తెలుగు తెలిసినదానివి నువ్వొక్కదానివే. ఇంకెవల్ని అనాలె?" అన్నాడు. చాయ్ పోశాను. అక్కణ్ణించి రోజూ పోస్తూనే ఉన్నాను.

రోజూ పొద్దున్నే మా వంటింటి వెనక మెట్టు మీద కొడవలి నూరేవాడు. ఆ చప్పుడుకి నాకు పళ్ళు జివ్వుమనేవి. గొంతు చించుకుని అరిచినా మెట్టు మార్చేవాడు కాదు. కొడవలి పదును చూసుకుని కంచెలోకి వెళ్ళి నాలుకతో టక్కుమని చప్పుడు చేస్తే చాలు, జింకలు పరిగెత్తుకొచ్చి ఆయన్ని చుట్టుముట్టేవి. దోసిట్లో గడ్డి పెడితే మూతులు తోసుకుంటూ తినేవి. పరుషంగా మాట్లాడే మనిషి, వాటి దగ్గర మాత్రం కొత్త పెళ్ళికొడుకులా ముసిముసిగా నవ్వేవాడు. ఇంటికి ఫోన్ చేసినా ముందు జింకల సంగతే చెప్పేవాడని వాళ్ళావిడ నా దగ్గర వాపోయింది.

వాళ్ళ ఊళ్ళో తాతల నాటి నుంచీ విల్లు పట్టిన కుటుంబం. పందుల్ని ఎలా కొట్టేవాళ్ళో చాయ్ తాగుతూ చెప్పేవాడు. నేను కోడిని కోస్తూ వినేదాన్ని. "పంది ఎనుక ఉరికితె దొరకది చెల్లె. చేను అంచుకు పల్లికాయ వెయ్యాలె. దానంతట అదే వస్తది. తలకాయ భూమిల పెట్టి తవ్వుకుంట తింటది చూడు, అప్పుడు ముందరికాలి సంక కింద కొట్టాలె." దెబ్బ తగిలాక పంది ఎలా అరుస్తుందో కూడా అరిచి చూపించేవాడు. ఇంటి యజమానురాలు పైనుంచి ఏమిటా గోలని అడిగేది. ఏమీ లేదని నేను సర్దిచెప్పుకోవాల్సి వచ్చేది.

ఒక చలికాలం జింకల కోసం ప్రత్యేకంగా మేతమడి వేశాడు. ఇక్కడివాళ్ళు జత్ అనే పచ్చగడ్డి, దాని మధ్యలో ఊరి నుంచి సూట్‌కేసులో తెచ్చిన బొబ్బర్లు. ఎడారి మట్టిలో ఎరువు కలిపి, పైపు నీళ్ళు మళ్ళించి, బిడ్డని సాకినట్టు సాకాడు. మడి ఎంత పచ్చగా వచ్చిందంటే నాకే కోసుకుని పప్పులో వేసుకోవాలనిపించింది. అయితే ఆ మడిని కంచెని ఆనుకుని వేశాడు. ఆవరణ మధ్యలో బోలెడు చోటుంది. కానీ ఆయన చెయ్యి పుట్టినప్పటి నుంచీ మేత వేసింది అంచునే. ఎందుకు అక్కడ వేస్తున్నాడో ఆయన ఆలోచించలేదు, చూస్తున్న నాకూ తట్టలేదు.

ఎండలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున్న కొడవలి చప్పుడు వినపడలేదు. ఆయన కేక వినపడింది. వెళ్ళి చూస్తే మడంతా నెత్తురు. బయట తిరిగే ఊరకుక్కల గుంపు కంచె కింద గుంత తవ్వి దూరింది. మూతి గడ్డిలో పెట్టి మేస్తున్న జింకల్ని మేస్తున్నచోటే పట్టుకున్నాయి. గొంతులు చీలి, పొట్టలు తెరుచుకుని పడి ఉన్నాయి. ఒక తల్లి జింక కడుపులోంచి ఇంకా పుట్టని పిల్లని లాగి సగం తిని వదిలేశాయి. ఇంకొకటి పేగులు ఈడ్చుకుంటూ నిలబడే ఉంది. అన్న దాని దగ్గరికి వెళ్ళి, తల ఒళ్ళోకి తీసుకుని, కొడవలితో గొంతు కోశాడు.

"నేనే పిలిచి పెట్టిన చెల్లె," అన్నాడు. "పందికి వేసినట్టు వేసిన. నా జింకల్ని నేనే ఎర వెట్టిన." నుదురు ఇనప స్తంభానికేసి కొట్టుకుంటుంటే నేను చొక్కా పట్టి వెనక్కి లాగాను.

ఇంటి కొడుకు, అంటే ఇప్పటి యజమాని, వచ్చి చూశాడు. అతనికి ఆ మందంటే మొదటినుంచీ విసుగే. ఇంకొక్కటి చచ్చినా ఖలాస్, మిగిలినవన్నీ ఎవరికైనా ఇచ్చేస్తాను, నువ్వు ఊరికి వెళ్ళిపో అని తేల్చి చెప్పాడు. ఉద్యోగం పోతుందని అన్న బెదరలేదు. "వీటిని ఇచ్చేస్తడట" అని మాత్రం మళ్ళీ మళ్ళీ అన్నాడు. కుక్కల్ని నేనే చూసుకుంటానని యజమానిని ఒప్పించాడు.

ఆ మధ్యాహ్నం నీళ్ళ ప్లాస్టిక్ పైపు తెచ్చి నా గ్యాస్ పొయ్యి మీద కాచి విల్లులా వంచాడు. వంటిల్లంతా కంపు. ఇంటావిడ చేత నేను తిట్లు తిన్నాను. ఖర్జూరపు మట్టలు చీల్చి బాణాలు చేశాడు, ఇనప చువ్వలు సానబెట్టి ములుకులు దిగ్గొట్టాడు. నీకేమైనా పిచ్చా, కుక్కల పనిచూసే ఆఫీసుకి ఫోన్ చేస్తే వచ్చి పట్టుకెళ్తారు కదా అన్నాను. "వస్తరు. కానీ ఎప్పుడొస్తరు? మేత వేసినోడే కావలి ఉండాలె," అన్నాడు.

మిగిలిన జింకల్ని షెడ్డులో పెట్టి తలుపు బిగించాడు. చచ్చిన జింకల్లో ఒకదాన్ని అదే మడిలో పడేశాడు. మర్నాడు తెల్లారుతుండగా నీళ్ళ ట్యాంకు వెనక కూర్చున్నాడు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. కుక్కలు తవ్విన గుంతలోంచే వచ్చాయి. తలలు కళేబరంలో పెట్టాక మొదటి బాణం పడింది. పెద్ద కుక్క గాల్లోకి ఎగిరి పడి, తన పక్కలో దిగిన బాణాన్ని తనే కొరుక్కుంటూ గుండ్రంగా తిరిగింది. రెండోది మెడలో దెబ్బ తిని అక్కడే కూలింది. ఒక్కటి మాత్రం పొట్టలో బాణంతోనే గుంతలోంచి దూరి బయటికి పారిపోయింది. మిగతావి దాని వెనకే చెదిరిపోయాయి.

అన్న ఆగకుండా దాని వెంట వెళ్ళాడు. నీళ్ళు లేవు, తలపాగా లేదు. నాకు ఒళ్ళు మండింది. సీసాలో నీళ్ళు పట్టుకుని, చేతికందిన కబాబు సీకు తీసుకుని వెనకే పరిగెత్తాను. "చచ్చేది ఎలాగూ చస్తుంది, వచ్చెయ్ అన్నా!" అని అరిచాను.

"బాణం తాకినంక పని అయిపోయినట్టు గాదు చెల్లె. అప్పుడే మొదలైనట్టు. నేను కొట్టిన, నేనే ముగించాలె. నువ్వు వాపసు పో," అన్నాడు నెత్తురు చుక్కలు చూసుకుంటూ.

నేను వెళ్ళలేదు. ఎండ నెత్తికెక్కుతుండగా ముళ్ళపొదల కింద అది కనపడింది. ఆయనకంటే నేనే దగ్గరగా ఉన్నాను. మూలుగుతూ పడున్నదల్లా ఒక్కసారి నా మీదికి లేచింది. నా గొంతుకి రావలసిన కోరల్లో అన్న తన ఎడమ చెయ్యి పెట్టాడు. అది ఎముక దాకా కరిచి పట్టుకుంది. మనిషీ కుక్కా కలిసి మట్టిలో దొర్లారు. నేను సీకుతో దాని డొక్కలో పొడిచాను, సీకు వంగిపోయినా పొడిచాను. ఆయన కుడిచేత్తో రాయి తీసుకుని తల పగిలేదాకా కొట్టాడు. దవడ ఊడదీయడానికి ఇద్దరం కలిసి లాగాల్సి వచ్చింది. ఈ రోజు నేను బతికి ఇది రాస్తున్నానంటే ఆ చెయ్యే కారణం. ఆయన బతికుండగా ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. చెబితే నన్ను ఆటపట్టించేవాడని చెప్పలేదు.

ఆస్పత్రికి వెళ్దామంటే వినలేదు. "ముందు వాటికి ఆకలైతున్నది," అన్నాడు. నా చున్నీ చింపి చేతికి కట్టాను. తోటకి వచ్చి షెడ్డు తలుపు తెరిచి, పచ్చగడ్డి దోసిట్లోకి తీసుకుని, ఎప్పటిలాగే నాలుకతో టక్కుమన్నాడు.

జింకలు చెవులు నిక్కించాయి. రెండడుగులు వేసి ఆగిపోయాయి. ఆయన ఒళ్ళంతా కుక్క నెత్తురు, కుక్క వాసన. ముందున్నది ముక్కు ఎగరేసి, కాలితో నేల తన్ని, గిరుక్కున తిరిగింది. మందంతా అవతలి మూలకి పారిపోయి ఒకదాని మీద ఒకటి పడుతూ కంచెని గుద్దుకుంది. ఆయన ఇంకోసారి పిలిచాడు. అవి ఇంకా గట్టిగా గుద్దుకున్నాయి.

అన్న గడ్డి నా చేతిలో పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. "నువ్వెయ్యి చెల్లె. నేనుంటె కాళ్ళు ఇరగ్గొట్టుకుంటయ్."

నా చేతులకీ నెత్తురుంది. కుళాయి కింద కడుక్కుని, ఆవరణ మధ్యలో నిలబడి గడ్డి చాచాను. చాలాసేపటికి ఒకటి వచ్చింది. తర్వాత ఇంకొకటి. వెచ్చని మూతులు నా అరచేతుల్లో ఆడుతుంటే వెనక్కి తిరిగి చూశాను. చెయ్యి గుండెలకి ఆనించుకుని, నెత్తురు మోచేతి మీంచి కారుతుంటే, కంచె బయట నిలబడి చూస్తున్నాడు. కళ్ళలో నీళ్ళు.

"మంచిగయ్యింది," అన్నాడు. "నాకే గింత భయపడితె, కుక్కకు ఇంకెంత భయపడాలె. ఇగ బతుకుతయ్."

అవి తినడం అయ్యేదాకా అక్కడే, ఎండలో నిలబడ్డాడు.